ఎనభై దాటాక స్ట్రోక్ వస్తే: రిహాబ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. స్ట్రోక్ వార్డులోనూ, డిశ్చార్జి అయ్యాక పేషెంట్ల ఇళ్లలోనూ పనిచేస్తుంటాను. ఎనభై, తొంభై ఏళ్ల పెద్దవాళ్లకి పక్షవాతం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా మారట్లేదు. వార్డు బయట ఒకరు అడిగిందే లిఫ్టు దగ్గర ఇంకొకరు అడుగుతారు, రాత్రి ఫోన్ చేసి మరొకరు అడుగుతారు. అందుకే రాసి పెట్టాను. రిహాబ్ అంటే పోయిన పనులు మళ్లీ చేసుకోగలిగేలా థెరపీతో సాధన చేయించడం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు. మందులు, ఆపరేషన్ల సంగతి మీ డాక్టరుగారితోనే మాట్లాడుకోవాలి.

## ఆసుపత్రిలో మొదటి రోజులు

అమ్మకి 87. ఈ వయసులో థెరపీ చేయిస్తే లాభం ఉంటుందా, లేక ఊరికే హింస పెట్టడమేనా?

లాభం ఉంటుంది. డాక్టర్లు, నర్సులు, థెరపిస్టులు ఒక జట్టుగా పనిచేసే స్ట్రోక్ యూనిట్‌లో చూసుకున్నవాళ్లు మామూలు వార్డులో ఉన్నవాళ్లకంటే ఎక్కువమంది బతుకుతున్నారనీ, ఎక్కువమంది సొంతంగా ఇంట్లో ఉండగలుగుతున్నారనీ ఎన్నో అధ్యయనాల్లో తేలింది. ఆ లాభం ముసలివాళ్లకీ దక్కింది. 60 ఏళ్ల మనిషి కోలుకున్నంతగా 87 ఏళ్ల మనిషి కోలుకోకపోవచ్చు, ఆ మాట నిజమే. కానీ ఈ వయసులో చిన్న మార్పే చాలా పెద్దది. పక్కకి తిప్పడానికి ఇద్దరు కావలసిన మనిషికి ఒక్కరు సరిపోతే, ఆవిడ ఇంట్లో ఉండగలదా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. "మళ్లీ నడుస్తుందా" అని అందరూ అడుగుతారు. "బాత్‌రూమ్ కుర్చీ మీద పడిపోకుండా కూర్చోగలదా" అని ఎవరూ అడగరు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

మొదటి రోజే లేపి నడిపిస్తే త్వరగా కోలుకుంటారా?

తొందరపడకండి. 2015లో వెలువడిన అవర్ట్ అనే పెద్ద అధ్యయనంలో, 5 దేశాల్లో 2,104 మందిని తీసుకుని, సగం మందిని 24 గంటలలోపే లేపి, మామూలుకంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలించారు. మూడు నెలల తర్వాత చూస్తే వాళ్లలో 46 శాతం మంది బాగా కోలుకున్నారు. మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో అది 50 శాతం. అంటే తొందరగా, ఎక్కువగా కదిలించడం మేలు చేయకపోగా కొంత నష్టమే చేసింది. అయితే అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషిస్తే, కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపినవాళ్లు బాగున్నట్టు కనిపించింది. మొదటి రోజుల్లో ఐదు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టడం, కాసేపు ఆగి మళ్లీ కూర్చోబెట్టడం మంచి పద్ధతి. ఎప్పుడు మొదలుపెట్టాలో బీపీ, స్పృహ చూసి డాక్టరు చెబుతారు.

పోనీ, పది రోజులు పూర్తిగా రెస్ట్ ఇస్తే?

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లని పది రోజులు మంచం దిగకుండా ఉంచి చూసిన చిన్న అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. స్ట్రోక్ వచ్చిన 90 ఏళ్ల మనిషి దగ్గర కరగడానికి అంత కండ కూడా మిగిలి ఉండదు. ఒకవైపు కాలు స్ట్రోక్‌తో పోతే, బాగున్న రెండో కాలు రెస్ట్‌తో పోతుంది.

నిన్నటిదాకా బాగానే మాట్లాడారు. ఈ రోజు ఎక్కడున్నారో తెలియట్లేదు, సెలైన్ పీకేస్తున్నారు. మెదడు ఇంకా దెబ్బతిన్నట్టేనా?

ముందు వెంటనే డాక్టరుకి చెప్పండి. మరో స్ట్రోక్ కాదని చూడాలి. అది కాకపోతే చాలాసార్లు డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా చేసి మనిషి ఉన్నట్టుండి గందరగోళపడే స్థితి, అయి ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నాలుగు రోజుల మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, రాత్రంతా వెలిగే లైటు, వీటిలో ఏదైనా పెద్దవాళ్లని అలా చేసేస్తుంది. కారణం పట్టుకుని సరిచేస్తే చాలామందిలో రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో తగ్గుతుంది. ఈ స్థితిలో ఉన్నప్పుడు చేసిన పరీక్ష చూసి రిహాబ్ పనికిరాదని తేల్చేయనివ్వకండి. వారం ఆగి మళ్లీ చూడమని అడగండి.

నీళ్లు తాగితే పొలమారుతోంది. కొంచెం కొంచెంగా పట్టొచ్చా?

వద్దు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో సుమారు సగం మందికి మింగడం కష్టమవుతుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండానే లోపలికి పోతుంది. మాటతో పాటు మింగడం కూడా చూసే స్పీచ్ థెరపిస్టు గానీ, ఈ పరీక్షలో శిక్షణ ఉన్న నర్సు గానీ చూసేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. ముక్కు గొట్టం పెట్టగానే "ఇక అయిపోయింది" అనుకుని ఏడ్చేవాళ్లని చూశాను. చాలామందికి కొన్ని వారాల్లో మింగడం మెరుగై గొట్టం తీసేస్తారు. అప్పటిదాకా నోరు శుభ్రంగా ఉంచండి, న్యుమోనియా భయం ఉన్నవాళ్లకి అదీ చికిత్సలో భాగమే.

## రిహాబ్‌కి తీసుకుంటారా, లేదా

"వయసు ఎక్కువ, రిహాబ్‌కి పనికిరారు" అనేశారు. ఇప్పుడేం చేయాలి?

కోపం తెచ్చుకోకండి, "సరేనండి" అని వచ్చేయనూ వద్దు. వయసు ఒక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా అని అడగండి. గుండె బలహీనంగా ఉందనో, ఒక్క నిమిషం కూడా కూర్చోలేకపోతున్నారనో చెబితే అది వైద్యపరమైన కారణం, దాన్ని సరిచేయడానికి ఏం చేయొచ్చో మాట్లాడొచ్చు. వయసు తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే అది కారణం కిందికి రాదు.

తర్వాత, రెండు వారాల ట్రయల్ అడగండి. "రిహాబ్ కావాలి" అని అడిగితే "కుదరదు" అనడం తేలిక. "రెండు వారాల్లో ఒక్కరి సాయంతో మంచం మీంచి కుర్చీలోకి మారగలిగితే మేం ఇంటికి తీసుకెళ్లిపోతాం, దానికి సాయం చేస్తారా" అని అడిగితే కాదనడం కష్టం. లక్ష్యం చిన్నదిగా, కంటికి కనబడేలా, ఇంటికి వెళ్లడంతో ముడిపడి ఉండాలి. ఇల్లు సిద్ధంగా ఉందనీ, చూసుకునే మనిషి ఉన్నారనీ కూడా చెప్పండి. డిశ్చార్జి చేస్తే ఎక్కడికి పంపాలో తెలియని పేషెంటుని తీసుకోవడానికి చాలాచోట్ల వెనకాడతారు. బయటికి చెప్పరు గానీ అసలు భయం అదే.

అప్పటికీ కాదంటే, కారణం కాగితం మీద రాసివ్వమనండి. అది చేతిలో ఉంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం సులువు.

స్ట్రోక్‌కి ముందు ఎలా ఉండేవారని అందరూ పదే పదే ఎందుకు అడుగుతున్నారు?

ఎంత కోలుకుంటారో అంచనా వేయడానికి పుట్టిన సంవత్సరం కంటే అది బాగా పనికొస్తుంది కాబట్టి. స్ట్రోక్ ఎంత తీవ్రంగా వచ్చింది, ముందు రోజు దాకా ఏం చేసుకునేవారు అన్నవి ముఖ్యం. అందుకే "బాగానే ఉండేవారు" అని ఊరుకోకండి. సొంతంగా స్నానం చేసేవారా, మెట్లు ఎక్కేవారా, మందులు తనే గుర్తుపెట్టుకుని వేసుకునేవారా, ఎంత దూరం నడిచేవారు, అన్నీ చెప్పండి. కిందటి నెలలో తీసిన వీడియో ఫోన్‌లో ఉంటే చూపించండి. మంచం మీద వాలిపోయి ఉన్న మనిషిని చూసి, మూడు వారాల కిందట ఆవిడ గేటు దాకా నడిచి వెళ్లేదంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

"సూచనలు పాటించడం లేదు" అని ఫైల్లో రాశారు. ఇంట్లో మేం చెబితే వింటారు మరి!

ఒకసారి 91 ఏళ్ల పెద్దాయన ఫైల్లో ఇదే మాట మూడుసార్లు కనిపించింది. నేను వెళ్లి "కుడికాలు ఎత్తండి" అన్నాను. నా మొహం వంక చూస్తూ ఊరుకున్నారు. మంచం పక్క సొరుగు తీస్తే ప్లాస్టిక్ కవర్లో ఆయన వినికిడి మిషను, కళ్లజోడు, కట్టుడు పళ్లు మూట కట్టి ఉన్నాయి. అడ్మిట్ అయిన రోజు ఎవరో భద్రంగా దాచారట. మిషన్‌లో బ్యాటరీ మార్చి చెవికి పెట్టి, అలవాటుకొద్దీ గట్టిగా "కాలు ఎత్తండీ" అని అరిచాను. ఎత్తారు. "అరవక్కర్లేదు" అన్నారు.

పరీక్షకి ముందే ఆ మూడూ పెట్టించండి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి భాష కూడా దెబ్బతింటుంది, మాట అర్థం కాకపోవచ్చు. చేసి చూపిస్తే చేస్తారు. వాళ్ల భాషలో మాట్లాడే మనిషి పక్కన ఉండటం కూడా అవసరం.

ముందే మతిమరుపు జబ్బు ఉంది. అయినా అడగొచ్చా?

అడగొచ్చు. డిమెన్షియా ఉన్నవాళ్లు కొత్త వ్యాయామాలు గుర్తుపెట్టుకోలేరు గానీ, లేవడం, నడవడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం లాంటివి ఒంటికి అలవాటైన పనులు. రోజూ అదే చోట, అదే వరసలో, అదే మనిషి చేయిస్తే మెరుగవుతారు. జబ్బు బాగా ముదిరి ఉంటే లక్ష్యాలు తగ్గించుకోవాలి.

రోజుకి మూడు గంటలు చేయలేరు కాబట్టి తీసుకోం అంటున్నారు. ఈ మూడు గంటల లెక్క ఏంటి?

అమెరికాలో ఆసుపత్రి స్థాయి రిహాబ్‌లో చేరాలంటే మామూలుగా రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ చేయగలగాలి. సరైన కారణం రాస్తే వారం మొత్తానికి 15 గంటలుగా సర్దుకునే వీలుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకం కూడా కనీసం 3 గంటలు, 5 రోజులు అంటుంది. కానీ అక్కడ అది పేషెంటుకి అందించాల్సిన మోతాదు, పేషెంటు పాసవ్వాల్సిన పరీక్షగా పెట్టింది కాదు. అంతసేపు చేయలేని మనిషికి కూడా వారానికి 5 రోజులు చేయగలిగినంత ఇవ్వాలని అదే మార్గదర్శకంలో ఉంది. అందులో ఫిజియో ఒక్కటే లెక్క కాదు, మాట, మింగడం, రోజువారీ పనుల సాధన అన్నీ కలిపి. మీ దగ్గర "మూడు గంటలు" అన్నారంటే ఏ అర్థంలో అంటున్నారో, తక్కువ జోరుగా నడిచే రిహాబ్ ఇంకేమైనా ఉందో అడగండి.

బార్తెల్ 25, రాంకిన్ 4 అని రాశారు. అంటే?

బార్తెల్ అంటే తినడం, స్నానం, మెట్లు లాంటి పది పనుల మీద వేసే మార్కులు, 0 నుంచి 100 దాకా. 25 అంటే చాలా పనులకి సాయం కావాలి. రాంకిన్ అంటే ఇతరుల మీద ఎంత ఆధారపడుతున్నారో చెప్పే అంకె, 0 నుంచి 6 దాకా. ఇందులో అంకె పెరిగితే పరిస్థితి అంత కష్టమని. 4 అంటే సాయం లేకుండా నడవలేరు. వీటిని వారం వారం రాసుకోండి. 25 ఉన్నది 40 అయిందని చూపిస్తే థెరపీ పొడిగించమని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టు.

## రిహాబ్ జరుగుతున్నప్పుడు

పది నిమిషాలకే అలసిపోయి నిద్రపోతున్నారు. బద్ధకమా?

బద్ధకం కాదు. స్ట్రోక్ తర్వాత అలసట చాలామందికి ఉంటుంది, వయసుతో పాటు గుండె, రక్తహీనత, థైరాయిడ్, నిద్రమాత్రలు కూడా తోడవుతాయి. అవి ఒకసారి చూపించండి. సెషన్‌ని పదేసి నిమిషాలుగా విడగొట్టమనండి. ఏ వేళ హుషారుగా ఉంటారో థెరపిస్టుకి మీరే చెప్పాలి. చాలామందికి అది ఉదయం పూట. ఆ వేళకి స్కానింగ్‌లూ, స్నానాలూ పెట్టించకండి.

నిలబెట్టగానే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు.

పడుకున్నప్పుడూ, నిలబడిన మూడు నిమిషాలలోపూ బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే అదే కారణం. బీపీ మాత్రల మోతాదు, వేసుకునే వేళ గురించి డాక్టరుతో మాట్లాడాలి. మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొచ్చా?

ఎప్పుడూ వద్దు. భుజం చుట్టూ కండరాలు పట్టు వదిలేశాక ఎముక కీలులోంచి కిందికి జారుతుంది, వేళ్లతో తడిమితే అక్కడ చిన్న గుంట తెలుస్తుంది. అలాంటి చేతిని లాగితే నెలల తరబడి నొప్పి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తడమూ తప్పే. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. పడుకున్నప్పుడు చేతి కింద దిండు ఉండాలి. సందర్శకులకి కూడా చెప్పండి, ప్రేమ కొద్దీ చెయ్యి పట్టి లాగేది వాళ్లే.

రోబో మెషిన్లు ఉన్న సెంటర్‌కే తీసుకెళ్లాలా?

అక్కర్లేదు. 2011లో అమెరికాలో 408 మందితో చేసిన అధ్యయనంలో, బరువు మోసే బెల్టుతో ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లకంటే, ఇంట్లో థెరపిస్టు దగ్గరుండి వ్యాయామం చేయించినవాళ్లు ఏమీ తీసిపోలేదు. 2019లో బ్రిటన్‌లో 770 మందితో చేసిన అధ్యయనంలో రోబో సాయంతో చేతికి ఇచ్చిన శిక్షణ మామూలు చికిత్సకంటే ఎక్కువ ఫలితం చూపలేదు. సెంటర్ చూడటానికి వెళ్తే మెషిన్లు లెక్కపెట్టకండి. ఒక థెరపిస్టుకి ఎంతమంది పేషెంట్లో, ఆదివారం ఎవరైనా ఉంటారో లేదో అడగండి.

త్వరగా కోలుకోవడానికి ఏదో మాత్ర ఉందంటున్నారు, నిజమేనా?

బహుశా ఫ్లూయోక్సెటిన్ గురించి విని ఉంటారు. అది డిప్రెషన్ మందు. 2011లో ఒక చిన్న అధ్యయనం ఆశ పుట్టించింది. తర్వాత బ్రిటన్‌లో 3,127 మందితో చేసిన పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. కోలుకోవడంలో తేడా లేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. 85 ఏళ్ల మనిషికి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. డిప్రెషన్ ఉంటే వాడటం వేరే సంగతి.

ఏం చేయించబోయినా "నన్ను వదిలేయండి" అంటున్నారు.

స్ట్రోక్ తర్వాత సుమారు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. పెద్దవాళ్లలో అది ఏడుపులా కనబడదు. తినకపోవడం, కళ్లు మూసుకుని పడుకోవడం, విసుక్కోవడం లాగా ఉంటుంది. దానికి చికిత్స ఉంది, డాక్టరుతో చెప్పండి. నొప్పి కూడా చూడండి. ఒకావిడ వారం రోజులు థెరపీ వద్దంటే మొండితనం అనుకున్నాం. తీరా చూస్తే మడమ కింద పుండు.

## ఇంటికి వచ్చాక

డిశ్చార్జికి ముందు మేం ఏం నేర్చుకోవాలి?

మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకోకుండా బయటికి రాకండి. థెరపిస్టు చేసి చూపిస్తే చాలదు, ఆయన చూస్తుండగా మీరు కనీసం నాలుగైదుసార్లు చేయాలి. కుర్చీ బాగున్న చేతివైపు, మంచానికి ఆనించి, బ్రేకులు వేసి. ఆవిడ అంచుకి జరగాలి, పాదాలు నేలకి ఆనాలి, మోకాళ్లకంటే కొంచెం వెనక్కి ఉండాలి. మీ మోకాళ్లతో ఆవిడ బలహీనమైన మోకాలిని కాయండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగమని చెప్పండి. అందరూ తప్పేది ఇక్కడే, వెనక్కి వాలిన మనిషిని నిలువుగా పైకి లాగుతారు, నాలుగో రోజుకి వీళ్ల నడుము పడుతుంది. మీలో కనీసం ఇద్దరు నేర్చుకోండి.

దీంతో పాటు పక్కకి తిప్పడం, మింగేటప్పుడు తల ఎలా పెట్టాలి, పడిపోతే ఎలా లేపాలి అన్నవి కూడా.

థెరపిస్టు ఎందుకు, ఇంట్లో మేమే చేయించుకోలేమా?

మీ సాయం లేనిదే ఏదీ జరగదు. కానీ మీరు థెరపిస్టుకి బదులు కాలేరు. 2017లో ఇండియాలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ఒక అధ్యయనం వెలువడింది. ఒక గుంపులో కుటుంబసభ్యులకి శిక్షణ ఇచ్చి ఇంట్లో వాళ్లచేతే రిహాబ్ చేయించారు, రెండో గుంపుకి మామూలు చికిత్సే. ఆర్నెల్ల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంట్లోవాళ్లకి నేర్పడం మంచిదే, కానీ అది చూపించి నిపుణుల సంఖ్య తగ్గించుకోవడం కుదరదని నాకు అర్థమైంది. రోజూ రాలేకపోయినా, థెరపిస్టు వారానికో పదిరోజులకో వచ్చి వ్యాయామం మార్చి వెళ్లేలా చూసుకోండి.

దగ్గర్లో ఎవరూ లేరు. వీడియో కాల్‌లో కుదురుతుందా?

కొంతవరకు. 2019లో 124 మందితో చేసిన అధ్యయనంలో చేతి వ్యాయామాలు ఇంటినుంచి ఆన్‌లైన్‌లో చేసినవాళ్లు క్లినిక్‌కి వెళ్లినవాళ్లంతే మెరుగయ్యారు. అయితే వాళ్ల సగటు వయసు అరవై చుట్టూ. 88 ఏళ్ల మనిషికి నిలబడే వ్యాయామం వీడియోలో చేయించాలంటే పక్కన శిక్షణ పొందిన మనిషి తప్పకుండా ఉండాలి. తెర పెద్దదిగా, చెవిమిషను పెట్టి.

చూసుకునే అమ్మాయి చాలా మంచిది, అన్నీ తనే చేసేస్తుంది.

అదే సమస్య. జుట్టు దువ్వడానికి ఆవిడకి పన్నెండు నిమిషాలు పడుతుంది, ఆ అమ్మాయికి ఒక నిమిషం. ఆ పన్నెండు నిమిషాలే ఆ రోజుకి థెరపీ. రోజులో రెండు పనులు ఎంచుకుని, ఎంతసేపు పట్టినా ఆవిడే చేసేలా చూడమని చెప్పండి.

## ఆర్నెల్లు దాటాక

ఆర్నెల్లయింది. ఇక మార్పు ఉండదా?

వేగంగా వచ్చే మార్పు చాలావరకు మొదటి మూడు నెలల్లో వస్తుంది. 1995లో వెలువడిన కోపెన్‌హాగన్ అధ్యయనంలో 95 శాతం మంది రోజువారీ పనుల్లో తాము చేరగలిగిన మేటి స్థాయిని పన్నెండున్నర వారాల్లో చేరుకున్నారు. మరీ తీవ్రంగా వచ్చినవాళ్లకి 20 వారాల దాకా పట్టింది. ఆర్నెల్ల తర్వాత తలుపులు మూసుకుపోవు గానీ నెమ్మదిగా నడుస్తుంది, అదీ సాధన చేసిన పనిలోనే. నడక కావాలంటే నడక సాధన చేయాలి. మంచం మీద కాళ్లు ఊపితే నడక రాదు.

"ప్రోగ్రెస్ లేదు" అని థెరపీ ఆపేశారు.

ఉన్నది పోకుండా కాపాడుకోవడం కూడా థెరపీ చేసే పనే. అమెరికాలో దీని మీద కోర్టు దాకా వెళ్లారు. 2013లో కుదిరిన జిమ్మో ఒప్పందం ప్రకారం, మెరుగయ్యే అవకాశం లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ (అక్కడ పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) కవరేజీ నిరాకరించకూడదు. ఉన్న స్థితి నిలబడటానికి నిపుణుల సాయం అవసరమైతే అది చాలు. మీరున్న చోట ఆ నిబంధన వర్తించకపోయినా వాదన వర్తిస్తుంది. ఆపేసిన నెలలో ఏం తగ్గిందో తేదీలతో రాసుకుని మళ్లీ అడగండి.

చెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది, గోళ్లు కోయడానికి కూడా రావట్లేదు.

అరచేతిలో చెమట నిలిచి వాసన, పుండ్లు మొదలవుతాయి, కాబట్టి ఇది చూపించాల్సిన సమస్యే. రోజూ నెమ్మదిగా సాగదీయడం, స్ప్లింట్ (చెయ్యి తెరిచి ఉంచే పట్టీ), అవసరమైతే బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటులినమ్ ఇంజెక్షన్. దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. ఆ చెయ్యి మళ్లీ పనిచేయకపోవచ్చు, శుభ్రం చేయడానికి తెరుచుకుంటే చాలు.

నాన్నే వద్దంటున్నారు. 93 ఏళ్లు. బలవంతం చేయాలా?

డిప్రెషన్, నొప్పి, డెలీరియం లేవని తేలి, ఆలోచించి చెబుతున్న మాటే అయితే బలవంతం చేయకండి. కానీ సరిగ్గా ఏది వద్దంటున్నారో అడగండి. జిమ్‌కి వెళ్లడం వద్దా, ఆ థెరపిస్టు వద్దా, లేక నడక మీద ఆశ వదులుకున్నారా? ఒకాయన అన్నీ మానేసి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడితే చాలన్నారు. సరే, అదే లక్ష్యంగా పెట్టుకున్నాం. మూడు వారాలకి నలభై నిమిషాలు కూర్చోగలిగారు.

వ్యాయామం మానేసినా మానకూడనివి కొన్ని ఉన్నాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, మడమలు పరుపుకి ఆనకుండా చూడటం, నోరు శుభ్రం చేయడం, భుజం కింద దిండు, మింగేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టడం. మనసు మారితే మళ్లీ మొదలుపెట్టొచ్చని ఆయనకి చెప్పి ఉంచండి.